మైదానం ఖాళీ చేయించిన రోజు

2000 రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయంటూ, వైటూకే గురించి ఆఫీసులన్నీ కంగారుపడుతున్న సంవత్సరం, జనవరి మొదటి వారంలో, సింగపూర్‌లో చోవా చూ కాంగ్ అనే పేటలోని ఒక సెకండరీ స్కూల్లో నన్ను ఫుట్‌బాల్ టీచర్-ఇన్-చార్జ్‌గా వేశారు. అప్పటికి నా సర్వీసు పద్దెనిమిదేళ్ళు. నేను చెప్పేది లెక్కలు. అంతకుముందు చూసుకున్నది చదరంగం క్లబ్బు. ఫుట్‌బాల్‌ని టీవీలో కూడా పూర్తిగా చూసిన మనిషిని కాను.

సింగపూర్ బళ్ళ సంగతి తెలియనివారికోసం ఒక మాట చెప్పాలి. ఇక్కడ ప్రతి టీచరూ పాఠాలతోపాటు ఒక ఈసీఏ చూడాలి. ఈసీఏ అంటే బడి వదిలాక జరిగే ఆటో, బ్యాండో, క్లబ్బో. ఆట నేర్పడం టీచరు పని కాదు. దానికి బయటినుంచి కోచ్ వస్తాడు, వచ్చిన రోజుకింత అని అతనికి రుసుము ఇస్తారు. టీచర్-ఇన్-చార్జ్ హాజరు తీసుకోవాలి, తల్లిదండ్రుల అనుమతి పత్రాలూ డాక్టరు సర్టిఫికెట్లూ దాచాలి, బస్సు మాట్లాడాలి, పోటీలకు పేర్లు పంపాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. పిల్లలు మైదానంలో ఉన్నంతసేపూ వాళ్ళ ఒంటికి తగిలే ప్రతి దెబ్బకూ జవాబుదారీ ఆ టీచరే. ఆట మొదలుపెట్టేది కోచ్. ఆపే అధికారం టీచరుది. ఆ అధికారం వాడుకునే అవసరం నాకెప్పుడూ రాదనుకున్నాను.

మా ప్రిన్సిపల్ మిసెస్ లిమ్ నెమ్మదిగా, సూటిగా మాట్లాడే మనిషి. నన్ను గదికి పిలిచి పరిస్థితి చెప్పారు. ఆ ఏడాది బడికి రెండు కొత్త కంప్యూటర్ ల్యాబులు వస్తున్నాయి. ఉన్న నిధులన్నీ అటే పోతున్నాయి. ఫుట్‌బాల్‌కి కోచ్ కావాలి, బస్సు కావాలి, వానకు చెరువయ్యే మైదానానికి కాలువలు కావాలి. మే నెలాఖరులోగా జట్టు తన ఖర్చు తాను సంపాదించుకుంటే కొనసాగుతుంది. లేకపోతే మూసేసి ఆ పిల్లల్ని కంప్యూటర్ క్లబ్బులోకి మారుస్తామన్నారు. అందులో ఏ కోపమూ లేదు. ఆవిడకు అప్పగించిన లెక్కలో అదొక గడి, అంతే.

మా జట్టు సి డివిజన్, అంటే పద్నాలుగేళ్ళ లోపు కుర్రాళ్ళు, మొత్తం ఇరవైనలుగురు. వాళ్ళలో ఏడెనిమిది మంది ప్రాక్టీసు ఉన్న రోజుల్లోనే బడికి వచ్చేవారు. ఇది వాళ్ళ క్లాస్ టీచర్లందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. కెప్టెన్ హఫీజ్ అయితే ప్రాక్టీసు ఉండని శుక్రవారాల్లో నాకెప్పుడూ కనిపించలేదు. ఫుట్‌బాల్ పోతే వీళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుంటారని మిసెస్ లిమ్ కాగితం మీద రాసుకున్నారు. వాళ్ళు బడే మానేస్తారని నా భయం. రెండు నెలలు ఆ భయాన్ని సంచిలో మోసినట్టు రోజూ టోవా పాయోలోని మా ఇంటినుంచి బడికి తీసుకెళ్ళి, మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాను.

కోచ్ రహీమ్ ఏభై దాటినవాడు. పొద్దున ఒక గిడ్డంగిలో పని, సాయంత్రం మా పిల్లలు. క్యాంటీన్ బల్ల మీద చక్కెర పొట్లాలు పేర్చి నాకు ఆఫ్‌సైడ్ నేర్పాడు. "మేడమ్, లెక్కల టీచర్ కదా, ఇది జామెట్రీయే," అనేవాడు. మూడోసారికి అర్థమైంది.

నిధులకోసం మొదట డొనేషన్ కార్డులు అచ్చు వేయించాం. ప్రతి కార్డుకీ ఒక నంబరు. ఇచ్చినవాళ్ళు పేరు రాసి సంతకం చేయాలి. పిల్లలు ఒంటరిగా ఎవరి గుమ్మమూ ఎక్కకూడదు, ఇద్దరిద్దరుగానే వెళ్ళాలి, చీకటి పడకముందే ఇంటికి చేరాలి. నియమాలు బాగానే ఉన్నాయి కానీ కార్డులు నిండలేదు. మా పిల్లలుండే ఫ్లాట్ల బ్లాకుల్లో వాళ్ళను ఎరిగినవాళ్ళెవరి దగ్గరా ఇవ్వడానికి పెద్దగా ఉండేది కాదు. ఫిబ్రవరి గడిచేసరికి కోచ్‌కి ఇంకొక నెల రుసుము మాత్రమే చేతిలో ఉంది.

అప్పుడొచ్చారు ప్రభాకర్ గారు. మా గోల్‌కీపర్ కిరణ్ తండ్రి. గుంటూరు వైపు మనిషి. హైదరాబాదులో పనిచేసి, ఒక అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇక్కడ మేనేజరుగా వచ్చి అప్పటికి రెండేళ్ళు. బడికి దగ్గర్లోని యూ టీ పేటలో ఫ్లాటు. తల్లిదండ్రుల సమావేశంలో నా పేరు సత్యవతి అని విని ఆగిపోయారు.

"మీరు తెలుగువాళ్ళా మేడమ్?"

"తెలుగోళ్ళమే బాబూ. మా తాత విశాఖపట్నం నుంచి ఇక్కడ హార్బర్‌లో పనికొచ్చీసేరు. నేను ఇక్కడే పుట్టేను."

ఆయన నవ్వారు. "మీ తెలుగు వింటే మా నాయనమ్మ గుర్తొచ్చిందండీ."

ఇంట్లో మేము మాట్లాడేది అదే తెలుగు, మధ్యలో తమిళమూ మలయూ కలిసినది. నేను నొచ్చుకోలేదు. ఆయన మంచిగానే అన్నారు.

వారం తిరక్కుండా ఆయనొక ప్రతిపాదన తెచ్చారు. ఏప్రిల్లో అమెరికానుంచి వాళ్ళ కంపెనీ వైస్ ప్రెసిడెంటు వస్తున్నాడు. ఆ శనివారం మా పిల్లలకూ, కంపెనీ ఉద్యోగులకూ మా మైదానంలో ఒక మ్యాచ్ పెడదాం. ఆట పూర్తయ్యాక ఆయన చేతుల మీదుగా చెక్కు ఇప్పిద్దాం, ఫొటోలు కంపెనీ వెబ్‌సైట్లో వస్తాయి. ఆ చెక్కు మొత్తం మాకు ఏడాది కోచ్ రుసుముకీ, బస్సుకీ, కాలువలకీ కూడా సరిపోతుంది. మిసెస్ లిమ్ వెంటనే ఒప్పుకున్నారు. కంపెనీ పంపిన ఒప్పంద లేఖలో "మ్యాచ్ పూర్తయిన పిమ్మట" అనే మాట ఉంది. చదివాను. సంతకం పెట్టాను. పూర్తికాకపోతే ఏమిటని అడగలేదు. ఈ కథలో నా తప్పు అదే. దాన్ని ఇంకెవరిమీదా వేయను.

మ్యాచ్‌కి ముందు, మార్చిలో జరిగిన ఒక చిన్న సంగతి కూడా ఇక్కడ చెప్పాలి.

ఈ దీవిలో మార్చి, ఏప్రిల్ నెలల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములు దాదాపు రోజూ ఉంటాయి. వాతావరణ సూచనకు ఫోను చేస్తే ప్రతి రోజూ ఒకే మాట: అక్కడక్కడ ఉరుములతో జల్లులు. దానివల్ల ప్రయోజనం లేదు. మైదానంలో మేము పాటించే పద్ధతి వేరు. మెరుపు కనిపించగానే సెకన్లు లెక్కపెట్టాలి, ఉరుము వినిపించేదాకా. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం. లెక్క ముప్పైకి తగ్గితే మైదానం ఖాళీ చేయాలి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి, మధ్యలో ఇంకొకటి వినిపిస్తే అరగంట మళ్ళీ మొదటినుంచి.

ఆ మార్చి సాయంత్రం ప్రాక్టీసులో నా లెక్క ఇరవై ఆరు వచ్చింది. లేచాను. రహీమ్ చెయ్యి ఊపాడు. "ఇంకా దూరంగా ఉంది మేడమ్, ఐదు నిమిషాలు లా." ఇక్కడివాళ్ళ మాట చివర ఆ లా ఊరికే వస్తుంది. పిల్లలు కార్నర్ కిక్ సాధన చేస్తున్నారు, బాగా కుదురుతోంది. నేను కూర్చున్నాను. ఏమీ కాలేదు. ఐదు నిమిషాల తరవాత వాళ్ళంతట వాళ్ళే వచ్చేశారు.

ఆ రోజు ట్రైన్లో ఇంటికి వస్తూ ఆ ఐదు నిమిషాల గురించే ఆలోచించాను. ఇంకొకసారి ఇరవై ఆరు వస్తే, క్రితంసారి ఏమీ కాలేదు కదా అని నేనే అనుకుంటానని తెలిసింది. భయమేసింది ఆ సంగతికే.

మరుసటి ప్రాక్టీసుకి రహీమ్ ముందే వచ్చి నాకోసం నిలబడి ఉన్నాడు. "మొన్న నేను అడగకుండా ఉండాల్సింది మేడమ్. మీరు ఒప్పుకోకుండా ఉండాల్సింది," అన్నాడు. ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ముప్పై లోపు వస్తే చర్చ ఉండదు. మూడు పొడుగు విజిళ్ళు వేస్తాను, అతను పిల్లల్ని లోపలికి తీసుకెళ్తాడు.

మ్యాచ్ రోజు శనివారం. పొద్దున మా అమ్మ ఇడ్లీ పెట్టి నా ఎదురుగా కూర్చుంది. "ఏటే అలా ఉన్నావు? మాకాన్ చేసి ఎళ్ళు, ఆకలితో అందరిమీదా అరుస్తావు." మలయ్‌లో మాకాన్ అంటే తినడం. ఒక ఇడ్లీ తిన్నాననిపించి బయలుదేరాను. రైలు కిటికీలోంచి దారి పొడుగునా ఆకాశమే చూశాను. తెల్లగా, నిర్మలంగా ఉంది. ఏప్రిల్లో పొద్దుటి ఆకాశాన్ని చూసి చెప్పగలిగేది ఏమీ ఉండదని తెలిసీ చూశాను.

ఆట నాలుగింటికి. ముప్పై నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో పది నిమిషాల విరామం. అయిదుంపావు కల్లా అంతా ముగియాలి, ఎందుకంటే అతిథికి ఆ సాయంత్రమే విమానం ఉంది. ఆయన అయిదూ నలభైకి బయలుదేరకపోతే అందదని ప్రభాకర్ గారు నాకు మూడుసార్లు చెప్పారు. అతిథి ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. పొడుగాటి మనిషి, మర్యాదస్థుడు, అందరికీ చేయి కలిపారు. ఆట నాలుగూ ఇరవై అయిదుకి మొదలైంది. చేతిలో గడియారం, ఒళ్ళో కాగితం పెట్టుకుని కూర్చున్నాను. అంతా సవ్యంగా సాగితే అయిదూ ముప్పై అయిదుకి ముగుస్తుంది. అయిదు నిమిషాలు మిగులుతాయి. ఆ అయిదు నిమిషాల్లో చెక్కు.

మొదటి భాగం చక్కగా జరిగింది. కంపెనీవాళ్ళలో సగం మందికి పొట్టలున్నాయి, అయినా పెద్దవాళ్ళు, బలమున్నవాళ్ళు. మా పిల్లలు చురుకైనవాళ్ళు. హఫీజ్ ఒక గోలు వేశాడు. కిరణ్ రెండు మంచి బంతులు ఆపాడు. అతిథులకోసం మైదానం పక్కన వేసిన గుడారంలో చప్పట్లు కొట్టారు. అట్టతో చేసిన పెద్ద చెక్కు బల్లకి ఆనించి ఉంది, ఫొటోకోసం. నేను దానివైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించాను.

రెండో భాగం మొదలైన మూడు నిమిషాలకు ఉత్తరాన, క్రాంజీ వైపు, మబ్బుల అడుగున ఒక మెరుపు కనిపించింది. లెక్కపెట్టాను. నలభై నాలుగు. కాగితం మీద సమయమూ లెక్కా రాశాను. అయిదు నిమిషాల తరవాత ముప్పై ఎనిమిది. మరో అయిదు నిమిషాలకు ముప్పై మూడు. ఎండ మా మైదానం మీద అలాగే ఉంది. గాలి లేదు. గుడారంలో ఎవరూ తల తిప్పి అటు చూడలేదు. ఆ మబ్బును చూస్తున్న కళ్ళు నావి మాత్రమే అనిపించింది. లేచి వెళ్ళి మిసెస్ లిమ్ చెవిలో చెప్పాను. ముప్పై కంటే తగ్గితే ఆపాలని అన్నాను. ఆవిడ అతిథి వైపు నవ్వుతూనే, పెదవులు కదలకుండా, "సత్యా, నీకు కచ్చితంగా తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. "మైదానంలో నిర్ణయం నీదే," అన్నారు. ఆపమనలేదు, వద్దనలేదు.

నేను గోలు వెనక ఉన్న గీత దగ్గరికి నడిచాను. విజిల్ పిడికిట్లో ఉంది. నా ముఖం చూసి ప్రభాకర్ గారు వెనకే వచ్చారు. మేమిద్దరం నిలబడిన చోటునుంచి కిరణ్ పది అడుగుల దూరంలో ఉన్నాడు, ఇనప గోల్ పోస్టు పక్కన.

"ఏమైంది మేడమ్?"

"ఉరుము దగ్గరకొస్తోంది. ఆపాల్సొస్తాది."

ఆయన గడియారం చూసుకున్నారు. "ఇంకెంత, పద్నాలుగు నిమిషాలు. పోనీ పది నిమిషాల్లో రిఫరీ చేత ఫైనల్ విజిల్ ఊదిద్దాం. ఇంకో పది నిమిషాలు ఇవ్వండి మేడమ్, చాలు. అక్కడెక్కడో ఉంది, వాన చుక్క కూడా లేదు. ఇప్పుడాపితే ఆయన వెళ్ళిపోతాడు. మీ పిల్లలకోసమే చెప్తున్నాను."

ఆయన మాటల్లో అబద్ధం ఏదీ లేదు. అదే నన్ను ఎక్కువ కంగారుపెట్టింది. ఇరవైనలుగురు పిల్లల ఏడాది ఆ పది నిమిషాల మీద ఉంది. మార్చిలో ఏమీ కాలేదని నా లోపలినుంచి ఒక మాట కూడా వచ్చింది, వస్తుందనుకున్నట్టే.

ఎదురుగా మబ్బు వెలిగింది.

"మీరే లెక్కెట్టండి ప్రభాకర్ గారూ," అన్నాను.

ఆయన పెదవులు కదిపారు. నేనూ లోపల లెక్కపెట్టాను. ఉరుము వచ్చింది. పెద్దది కాదు, దూరంగా బల్ల జరిపినట్టు.

"ఎంతొచ్చింది?"

"ఇరవై ఏడు," అన్నారు. తరవాత, "నేను గబగబా లెక్కపెట్టానేమో," అన్నారు.

గబగబా లెక్కపెడితే అంకె పెరుగుతుంది, అసలు దూరం ఇంకా తక్కువన్నమాట. అది చెప్పే సమయం లేదు. నేను విజిల్ వేశాను, మూడుసార్లు, పొడుగ్గా. మైదానం మధ్యకి పరిగెత్తిన రహీమ్ చేతులు రెండూ పైకెత్తి అప్పటికే పిల్లల్ని తోలుతున్నాడు. ఆ చెక్కులోంచి జీతం రావలసినవాడు అతను. గుడారం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

అందర్నీ క్యాంటీన్లోకి చేర్చాం. పేర్లు పిలిచి ఇరవైనలుగురినీ చూసుకున్నాను, మళ్ళీ ఇంకొకసారి పిలిచాను. హఫీజ్ బూట్లు విప్పకుండా నా ముందు నిలబడ్డాడు. "చెర్, నో రెయిన్ వాట్. వై స్టాప్?" టీచర్‌ని ఇక్కడి పిల్లలు చెర్ అంటారు; మాట చివరి వాట్ కూడా లా లాంటిదే. మెరుపుకి వానతో పని లేదని చెప్పాను. వాడు బయట ఎండవైపు చూశాడు, నా వైపు చూశాడు, వెళ్ళి కూర్చున్నాడు.

ఆ ఇరవై నిమిషాలు నా సర్వీసులో అన్నిటికంటే పొడుగైనవి. ఎండ వెళ్ళలేదు. కంపెనీ ఉద్యోగులు చెమట తుడుచుకుంటూ కూల్‌డ్రింకులు తాగారు. ఒకతను తెలుగులో పక్కవాడితో, టీచరమ్మకి భయం ఎక్కువనుకుంటా అన్నాడు. నేను తెలుగు మనిషినని అతనికి తెలియదు. ఒకసారి పంతొమ్మిది వచ్చింది. ఒకసారి పదిహేను. ప్రతిసారీ అరగంట మళ్ళీ మొదలైంది. పిడుగు ఎక్కడో ఒక చోట, దగ్గర్లో, ఎవరికీ దెబ్బ తగలకుండా పడితే బాగుండునని ఒక క్షణం కోరుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ కోరుకున్నాను. నేను చేసింది పిచ్చిపని కాదని వీళ్ళందరికీ తెలియాలని.

అయిదూ నలభైకి అతిథి లేచారు. ఆట అయిపోయినట్టా, కానట్టా అని ప్రభాకర్ గారిని అడిగారు. ఆయన చెప్పేలోగా అతిథే నవ్వి, పూర్తికాలేదు కదా, ఇంకో రోజు పూర్తిచేసి ఇద్దాం అన్నారు. అసలు చెక్కున్న కవరు మళ్ళీ బ్యాగులోకి వెళ్ళింది. ఆయన కారెక్కేముందు నాతో కూడా చేయి కలిపారు. ప్రభాకర్ గారు కలపలేదు.

ఆరు దాటాక నాలుగు చినుకులు పడ్డాయి. మబ్బు అవతలి ఒడ్డున మలేసియాలోని జొహోర్ వైపు వెళ్ళిపోయింది. మా మైదానంలో గడ్డి కూడా సరిగా తడవలేదు.

సోమవారం నేను సంఘటన నివేదిక రాసి ఇచ్చాను. సమయాలు, లెక్కలు, ఎవరెవరు ఎక్కడున్నారు, విజిల్ ఎప్పుడు వేశాను, అంతే. మిసెస్ లిమ్ రెండుసార్లు చదివారు. "నీ చోట నేనుంటే ఆపేదాన్నో లేదో నాకు తెలియదు," అన్నారు. అది మెప్పో తప్పుపట్టడమో ఇప్పటికీ తేల్చుకోలేదు. మే నెలాఖరు గడువు మాత్రం అలాగే ఉందని చెప్పారు.

బుధవారం ప్రభాకర్ గారు ఆఫీసు బట్టల్లోనే బడికొచ్చారు. నిద్ర లేని ముఖం. ఒక కాగితం నా ముందు పెట్టారు. మ్యాచ్ విజయవంతంగా పూర్తయిందని బడి తరఫున కంపెనీకి రాసిన లేఖ. నా సంతకానికి చోటు వదిలి ఉంది.

"హెడ్డాఫీసులో ఎవరూ ఇక్కడికొచ్చి చూడరు మేడమ్. ఒక్క సంతకం. చెక్కు రిలీజ్ అవుతుంది. ఆయన ముందు నా మాట పోయింది, అది కూడా కొంచెం నిలబడుతుంది."

"పూర్తవలేదు కదండీ."

"పద్నాలుగు నిమిషాలే కదా."

"సోమారమే నివేదికలో రాసిచ్చీసేను, పదహారో నిమిషాన నేనే ఆపేనని. ఇప్పుడిదీ నేనే రాస్తే, ఇంకోసారి నా లెక్కని ఎవరు నమ్ముతారు బాబూ?"

ఆయన కాగితం మడిచారు. లేచి వెళ్ళలేదు. నా వైపు చూడకుండా అడిగారు. "మేడమ్, కిరణ్ నాతో మాట్లాడటం లేదు. నాలుగు రోజులైంది. నేనా రోజు పది నిమిషాలు అడిగాను చూడండి, అది వాడికి వినిపించిందంటారా?"

లేదని చెప్పడం తేలిక. గోలు దగ్గర ఉన్నప్పుడు ఆ పిల్లవాడు ఒకసారి మావైపు తిరిగి చూడడం నేను చూశాను.

"ఇనే ఉంటాడండి. మనం ఆడి పక్కనే ఉన్నాం."

ఆయన నా బల్ల మీదున్న డొనేషన్ కార్డుల కట్ట చూపించి, "ఇవి ఎన్నున్నాయి?" అని అడిగారు. పది కార్డులు తీసుకుని వెళ్ళారు.

కంపెనీకి నేను జరిగింది జరిగినట్టు లేఖ రాశాను. మ్యాచ్ ఎందుకు ఆగింది, ఎవరు ఆపారు, మిగిలిన ఆట ఆడడానికి మేము ఎప్పుడైనా సిద్ధం అని. జవాబు రాలేదు. చెక్కూ రాలేదు.

ప్రభాకర్ గారి కార్డులు నిండి వచ్చాయి. యూ టీలోని తెలుగువాళ్ళు, ఆఫీసులో పనిచేసేవాళ్ళు, ఆ రోజు క్యాంటీన్లో నా భయం గురించి మాట్లాడిన కుర్రాడితో సహా సంతకాలు చేశారు. అది చాలలేదు. మిసెస్ లిమ్ అనుమతితో ఆదివారాలు పొద్దున బడి కార్ల స్థలంలో కార్లు కడగడం మొదలుపెట్టాం. పిల్లలు, రహీమ్, నలుగురైదుగురు తల్లిదండ్రులు. ప్రభాకర్ గారు ప్యాంటు మడిచి ప్రతి వారం వచ్చేవారు. మొదటి రెండు వారాలు కిరణ్ ఆయనకు దూరంగా, వేరే కారు దగ్గర ఉండేవాడు. మూడో ఆదివారం తండ్రి తుడుస్తున్న కారు దగ్గరికి బకెట్టుతో వచ్చి నిలబడ్డాడు. "పా, దిస్ సైడ్ నాట్ క్లీన్ లా," అన్నాడు. ప్రభాకర్ గారు వంగి ఆ వైపు మళ్ళీ తుడిచారు. నేను విన్నది అంతే.

మే నెలాఖరుకి కూడినది వారానికి ఒక్క రోజు కోచ్‌కీ, పోటీలకు వెళ్ళే బస్సుకీ సరిపోయింది. వారంలో రెండో రోజు ప్రాక్టీసుకి రహీమ్ రుసుము లేకుండా వచ్చాడు. వద్దన్నా వినలేదు. కాలువలు తవ్వించలేకపోయాం. జూలై జోనల్ పోటీల్లో మా జట్టు మొదటి రౌండులోనే ఓడిపోయింది. హఫీజ్ ఆ సంవత్సరం శుక్రవారాలు కూడా బడికి వచ్చాడని చెప్పగలిగితే బాగుండును. అప్పుడప్పుడు వచ్చాడు. చివరి పరీక్షలు రాశాడు, పాసయ్యాడు. డిసెంబర్లో మిసెస్ లిమ్ ఫుట్‌బాల్‌ని మరో ఏడాదికి పొడిగించారు. తరవాత ఇంకో తొమ్మిదేళ్ళు నేనే చూసుకున్నాను.

ఆ తొమ్మిదేళ్ళలో నేను రాసిన ప్రతి కార్యక్రమ పత్రంలోనూ, తేదీ, వేదిక కంటే ముందు, ఆట ఆపే మనిషి ఎవరో ఒక వాక్యం ఉండేది. విరాళం ఇచ్చేవారితో చేసుకున్న ప్రతి ఒప్పందంలోనూ, ఆట పూర్తయినా కాకపోయినా అనే మాట నేనే రాయించేదాన్ని. కొంతమంది దాతలు అది చూసి వెనక్కి వెళ్ళారు. వెళ్ళనిచ్చాను. డబ్బు ఆట చివర ఉంటే, ఆపవలసినవాడి చెయ్యి బరువెక్కుతుంది. నా చెయ్యి బరువెక్కడం నేను చూశాను కనుక చెప్తున్నాను.

ఆ శనివారం మా మైదానంలో పిడుగు పడి ఉంటే, నేను చేసింది సరైన పనేనని అందరూ ఆ నిమిషమే ఒప్పుకునేవారు. పడలేదు. ఈ వృత్తిలో సరిగా చేసిన పనికి చాలాసార్లు రుజువు మిగలదు. ఏమీ జరగకపోవడమే దాని ఫలితం, ఏమీ జరగనిదాన్ని ఎవరికీ చూపించలేం. పిల్లల్ని అప్పగించేటప్పుడు, రుజువు లేకుండా నిర్ణయం తీసుకుని, తరవాత ఆ అనుమానంతోనే ఉండగలిగిన మనిషినే ఎంచుకోవాలి. కొత్త టీచర్లకు నేను చెప్పింది అదొక్కటే.